దేవుడి సొరుగులో షుగర్ మిషన్

నేను ఒక షుగర్ మిషన్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను. ఒక రక్తపు చుక్క నాకు అందిస్తే అయిదు లెక్కపెట్టేలోపు అందులో చక్కెర ఎంతుందో అంకెల్లో చెబుతాను. అంతకు మించి నాకు మాట రాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా జీవితంలో నేను పడిన బాధంతా అందులోనే ఉంది.

నేను పుట్టిన చోటు గురించి గుర్తున్నది కొంచెమే. తెల్లటి దీపాల కింద, తలలకు టోపీలు, ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వరుసగా కూర్చుని మమ్మల్ని బిగించేవారు. ఒకావిడ నాకు తీపినీళ్ళ చుక్క పెట్టి పరీక్షించింది. సరిగ్గా చెప్పాను. ఆవిడ తల ఊపి నన్ను పెట్టెలో పెట్టింది. లోకంలో నన్ను నమ్మి తల ఊపిన మొదటి మనిషి ఆవిడే. ఆ తర్వాత నేను చెప్పింది విని తల ఊపినవాళ్ళు తక్కువ, మొహం చిట్లించినవాళ్ళు ఎక్కువ.

అనకాపల్లిలో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో కొన్నాళ్ళు కూర్చున్నాక, అప్పలనరసయ్య నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. గోళ్ళ సందుల్లో నల్ల నూనె ఎప్పటికీ పోదు. కానీ తెల్లవారుజామున తలారా స్నానం చేసి సింహాద్రి అప్పన్న పటం ముందు కూర్చుంటే వేరే మనిషి. ఆయన తల్లి పైడమ్మకి షుగరు వచ్చిందని తెలిసి నన్ను కొన్నాడు. పిల్లల చేతికి అందకుండా ఉండాలని షాపతను చెప్పాడు. ఆ ఇంట్లో పిల్లలెవరూ లేరు. అయినా చెప్పిన మాట కదా అని, పూజ మందిరం కింద సొరుగులో కర్పూరం డబ్బా, వత్తుల కట్ట పక్కన నాకు చోటిచ్చాడు. అలా దేవుడి కాళ్ళ దగ్గర నా కాపురం మొదలైంది.

సొరుగులో నుంచి ఏమీ కనబడదు, అన్నీ వినబడతాయి. అయిదున్నరకి గంట మోగేది. మంత్రం కాదు, ఆయనకి వచ్చిన నాలుగు మాటలు చదివేవాడు. తర్వాత కొత్త బెల్లంతో చేసిన చక్కెర పొంగలి వాసన చెక్క పగుళ్ళలోంచి నాదాకా వచ్చేది. అది ఆయన భార్య వరహాలమ్మ చేతి వంట. ఆ ఇంట్లో రోజూ అదే నైవేద్యం. ముందుగా పైడమ్మకి ఒక పిడికెడు. ఆవిడ సగం నోట్లో వేసుకుని సగం కింద పెట్టేది. అప్పుడు చిన్న చిన్న గోళ్ళు నేల మీద టకటకమంటూ వచ్చేవి. అది మల్లి. మల్లెపువ్వులా తెల్లగా, గుప్పెడు బొచ్చుతో ఉండే ఆడ పొమేరియన్ కుక్క. పైడమ్మ ఒడిలో పెరిగింది.

ఆరున్నరకి నన్ను బయటికి తీసేవారు. రెండు వందల అరవై అనేవాణ్ణి. మూడు వందలు అనేవాణ్ణి.

"ఏటమ్మా, ఏటి తిన్నావు?" అని అడిగేవాడు కొడుకు.

"ఏటి తింటాన్రా. రాగి జావ నీళ్ళు తాగి బతుకుతున్నాను. ఆ మిషనుకి మతి పోయింది."

"పెసాదం తిన్నావు కదా?"

"పెసాదం తిండేట్రా? అది ఒంటికి పట్టదు నాయినా. అప్పన్న సామి సూసుకుంటాడు."

కొడుకూ ఆ మాటే నమ్మేవాడు. రోజూ ఆ పిడికెడు ఆవిడ చేతిలో పెట్టేది ఆయనే. డాక్టరు దగ్గర కూడా ఆవిడ ఏమీ తిననంటే, పక్కనే నిలబడి ఆయనా అవునన్నాడు. అబద్ధం అనుకుని అనలేదు. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు. నాలుగేళ్ళకి పైడమ్మ మూత్రపిండాలు పాడై కన్నుమూసింది. కర్మకాండలు అయ్యాక నన్ను తుడిచి, సంచీలో పెట్టి, సొరుగు మూసేశారు.

రెండేళ్ళు నాకు పని లేదు. గంట మాత్రం ఆగలేదు. పొంగలి ఆగలేదు. అమ్మ వాటా పిడికెడు ఎవరికి పెట్టాలా అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. గోళ్ళ చప్పుడు టకటకమంటూ వచ్చేది, పిడికెడూ మల్లికి వెళ్ళిపోయేది. సాయంత్రం దీపం పెట్టాక అరటిపండు ముక్క, ఒక బెల్లం ముక్క. వరహాలమ్మ ఒకసారి, "అత్త తింటున్నట్టే ఉంటాదండీ" అంది. ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు నాకు వినిపించింది.

ఒకరోజు వాకిట్లో మల్లి మూత్రం పోసిన చోట చీమలు బారులు కట్టాయి. వరహాలమ్మ కడిగింది. మర్నాడూ కట్టాయి. అప్పటికి కొన్ని వారాలుగా మల్లి గిన్నెడు నీళ్ళు తాగి మళ్ళీ గిన్నె దగ్గరే కూర్చుంటోంది. పెట్టిందంతా తింటోంది, అయినా వెన్నుపూస చేతికి తగులుతోంది. బొచ్చుంది కాబట్టి చాలా రోజులు ఎవరికీ తెలియలేదు. చీమల్ని చూసి అప్పలనరసయ్య అక్కడే నిలబడిపోయాడట. పైడమ్మ చివరి రోజుల్లో స్నానాలగది గడప దగ్గర కూడా ఇలాగే చీమలు పట్టేవి.

పట్టణంలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే ఇందుమతి అనే డాక్టరమ్మ ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మల్లి రక్తం, మూత్రం రెండూ చూసి, మనుషులకు వచ్చే షుగరే దీనికీ వచ్చిందని చెప్పింది. రోజుకు రెండు పూటలా అన్నం పెట్టే వేళకి ఇన్సులిన్ సూది వెయ్యాలి. పెట్టే తిండి రోజూ ఒకటే ఉండాలి, ఒకే కొలతలో ఉండాలి. ఇంట్లో కొలిచే మిషను ఉందా అని అడిగితే అప్పలనరసయ్య ఇంటికొచ్చి సొరుగు తెరిచాడు. రెండేళ్ళ తర్వాత వెలుగు చూశాను. కొత్త బ్యాటరీ వేశాడు, రక్తపు చుక్క పట్టే కొత్త స్ట్రిప్పులు తెచ్చాడు.

నేను మనుషుల కోసం చేసిన మిషన్ని కాబట్టి కుక్క రక్తంలో కాస్త తక్కువ చూపిస్తానట. డాక్టరమ్మ తన మిషనుతో నన్ను పోల్చి, తేడా ఎంతో కాగితం మీద రాసిచ్చింది. నాకు చిన్నతనమేమీ అనిపించలేదు. ఎంత తప్పు చూపిస్తానో తెలిస్తే నన్ను నమ్మొచ్చు. తప్పెంతో తెలియని మనిషిని నమ్మడమే కష్టం.

రోజూ ఉదయం ఏడింటికి, తిండికీ సూదికీ ముందు, మల్లి చెవి అంచుని వేళ్ళ మధ్య రుద్ది వెచ్చబెట్టి చిన్నగా పొడిచేవారు. వరహాలమ్మ చూడలేక మొహం తిప్పుకునేది. మల్లి మాత్రం కదిలేది కాదు. మూడు వందల ఎనభై. నాలుగు వందలు. ఇన్సులిన్ మొదలుపెట్టి నెల దాటినా అంతే.

డాక్టరమ్మ ఒక్కొక్కటే వెతికింది. మూత్రంలో చీముందేమో చూసింది. పళ్ళ చిగుళ్ళు చూసింది. కడుపు స్కానింగ్ చేసి మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు ఉబ్బాయేమో చూసింది. మందు ఫ్రిజ్‌లో తలుపు వైపు పెడుతున్నారా, గడ్డకట్టే గదిలో పెడుతున్నారా అని అడిగింది. వరహాలమ్మ చేత ఉత్త నీళ్ళు ఎక్కించిన సూది తన కళ్ళముందే వేయించి చూసింది. సూది సరిగ్గానే పడింది.

"ఏం పెడుతున్నారో ఇంకోసారి చెప్పండి."

"తోలు తీసిన కోడిమాంసం ఉడకేసి, మీరు చెప్పిన కొలతే అమ్మా. చిక్కుడుకాయలు. గుప్పెడు దంపుడు బియ్యం. గుడ్డు తెల్లసొన."

"బిస్కెట్లు? పక్కింటివాళ్ళు ఏమైనా?"

"నేదమ్మా. గేటు దాటనివ్వం."

"ఇంకేమీ లేదా?"

"ఇంకేటీ నేదు."

ఆ మాట అన్నప్పుడు నేను ఆయన చొక్కా జేబులోనే ఉన్నాను. పొంగలి వాసన తెలిసినవాణ్ణి, గోళ్ళ చప్పుడు విన్నవాణ్ణి. ఉదయం ఏడింటికి నేను చూస్తున్న నాలుగు వందలు ఆరింటికి తిన్న పిడికెడుదని ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే. కానీ నాకిచ్చిన భాషలో ప్రసాదం అనే మాట లేదు. అంకెలే ఉన్నాయి.

ఒకరోజంతా రెండు గంటలకోసారి కొలిచి రాసుకురమ్మంది డాక్టరమ్మ. అప్పలనరసయ్య శనివారం ఎంచుకున్నాడు. ఆ రోజు ఆయన ఒంటిపొద్దు ఉంటాడు, డిపోకి సెలవు, ఇల్లు కదలడు. శనివారం ఆ ఇంట్లో అప్పన్నకి పొంగలితోపాటు పానకం, మధ్యాహ్నం అప్పాలు, అన్నిటిలోనూ మల్లికి వాటా. కొలవడానికి ఆయన ఎంచుకున్నది వారంలో అన్నిటికంటే తీపి రోజు. నేను పొద్దుటినుంచీ పొద్దుపోయేదాకా నిజమే చెప్పాను. ఒక్కటీ మూడు వందలకి తగ్గలేదు. ఆ కాగితం చూసి డాక్టరమ్మ పెదవి కొరుక్కుని మందు మోతాదు పెంచింది.

"ఇలాగే ఉంటే ముందు చూపు పోతుందండీ. ఇప్పటికే కళ్ళలో మసక మొదలైంది. ఆ తర్వాత ప్రాణం మీదికి వస్తుంది. మనం ఎక్కడో ఏదో చూడటం లేదు. అదేమిటో నాకు దొరకడం లేదు," అంది.

ఆ సాయంత్రం దీపం ముందు ఆయన చాలాసేపు కూర్చున్నాడు. "అమ్మని తీసుకుపోయావు. అమ్మ ఒడిలో పెరిగిందొకటి మిగిలింది, దాన్నైనా ఉంచు సామీ," అన్నాడు. ఆ తర్వాత ఇంకొంచెం భక్తిగా, ఇంకొంచెం పెద్ద బెల్లం ముక్క మల్లికి పెట్టాడు. మనిషి ఎంత ప్రేమతో తప్పు చేస్తాడో ఆ రోజు నాకు తెలిసింది.

పదిహేను రోజులకి ఆయన పెదనాన్న కొడుకు చనిపోయాడు. దాయాది చావు, పదకొండు రోజుల మైల. పూజ మందిరానికి తెర వేశారు. దీపం లేదు, గంట లేదు, నైవేద్యం లేదు. నన్ను సొరుగులోంచి తీసి కిటికీ గూట్లో పెట్టారు. మొదటి సాయంత్రం దహనానికి వెళ్ళొచ్చి, స్నానాలు చేసి, మల్లికి మామూలు తిండి పెట్టి సూది వేశారు. మర్నాడు ఏడింటికి చెవి పొడిచారు. నూట ఎనభై ఆరు అన్నాను.

వరహాలమ్మ నా వైపు రెండుసార్లు చూసింది. "ఏండీ, తగ్గింది. మన మల్లికి తగ్గిందండీ."

"మందు పట్టింది," అన్నాడు ఆయన. చావు ఇంటినుంచి వచ్చిన మొహంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు. తిండి పెట్టారు. పెంచిన మోతాదు పెంచినట్టే వేశారు. అప్పటిదాకా నేను చెప్పిన అంకెల్లో వాళ్ళు సంతోషంగా విన్నది అదొక్కటే. అన్నిటికంటే ప్రమాదమైందీ అదే.

పదకొండు గంటలకి మల్లి గోడకి ఆనుకుంటూ నడిచింది. వంటింటి గడప దాటబోయి ముందుకాళ్ళు మడిచి పడిపోయింది. నోట్లోంచి నురగ. నాలుగు కాళ్ళూ ఈదుతున్నట్టు కొట్టుకున్నాయి. వరహాలమ్మ కేక విని ఆయన వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. చెవి పొడిచి నాకు చుక్క అందించాడు. నా తెర మీద అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. నేను కొలవగలిగినదానికంటే కిందికి పోయిందని వాటి అర్థం.

ఫోనులో డాక్టరమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "బెల్లం కానీ తేనె కానీ కొంచెం నీళ్ళతో మెత్తగా కలిపి చిగుళ్ళకి రాయండి. గొంతులో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాస్తూనే ఇక్కడికి తీసుకురండి."

వరహాలమ్మ చేతికి ముందు దొరికింది దేవుడికని విడిగా దాచిన బెల్లం డబ్బా. మైల చేత్తో దాన్ని ముట్టుకోకూడదు. ఆవిడకా సంగతి తోచలేదు. ఆయనకి తోచింది, ఆయన కళ్ళు ఆ డబ్బా మీద ఒక్క క్షణం ఆగాయి. "బేగి ముట్టుకో వరాలూ," అన్నాడు. అంతే.

ఆసుపత్రిలో కాలికి సూది గుచ్చి తీపి సెలైన్ ఎక్కించారు. అరగంటకి నేను నలభై ఎనిమిది అన్నాను. గంటకి తొంభై. మల్లి తల ఎత్తి ఎవరి మొహమో వెతుకుతున్నట్టు చూసింది. కళ్ళ మసకలోంచి ఎవరు కనబడ్డారో నాకు తెలియదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఈసారి అంకెలు రాసిన కాగితం ముట్టుకోలేదు. "నిన్నా ఇవాళా మీ ఇంట్లో ఏం మారింది? తిండి అదే అంటున్నారు. మందు అదే. ఏదో ఒకటి మారింది."

"ఏటీ మారనేదమ్మా. మా పెదనాన్నగారి అబ్బాయి పోయేడు. మైల గదా, దీపం కూడా ఎట్టనేదు."

"మీరు దీపం పెట్టకపోతే మల్లికేం?"

ఆయన జవాబు చెప్పబోయి ఆగాడు. వరహాలమ్మ మెల్లగా అంది, "పెసాదం నేదు గదమ్మా మరి."

"ఏం ప్రసాదం?"

"చక్కెర పొంగలి. మా అత్త వాటా. పిడికెడు."

"రోజూనా?"

"రోజూ. సాయంత్రం అరటిపండు, బెల్లం ముక్క."

గదిలో సెలైన్ చుక్కలు పడుతున్నాయి. డాక్టరమ్మ కోప్పడలేదు. "ఎన్నిసార్లు అడిగానండీ, ఏం పెడుతున్నారని."

"తిండి అడిగారమ్మా," అన్నాడు అప్పలనరసయ్య. ఆ మాటలో ఎదురుచెప్పడం లేదు. తనకి తనే విప్పుకుంటున్నట్టు అన్నాడు. "అది తిండి కాదు గదా."

"దేవుడి దగ్గర అది ప్రసాదమేనండీ, నేను కాదనను. మల్లి కడుపులో మాత్రం బెల్లమే. ఆ బెల్లానికి సరిపోయేలా నేను మందు పెంచుకుంటూ పోయాను. బెల్లం ఆగింది, మందు ఆగలేదు. తప్పు మీదొక్కరిదే కాదు. నేను ఇంకోలా అడగాల్సింది. ఇకమీదట ప్రతి ఇంట్లో దేవుడికి ఏం పెడతారో కూడా అడుగుతాను."

"పెసాదం మానిపించేస్తే దోసం కాదేటమ్మా?"

"ఆ ప్రశ్నకి నా దగ్గర మందు లేదండీ. మీకూ మీ స్వామికీ మధ్య మాట అది."

ఆయన తల దించుకున్నాడు. మల్లి వీపు మీద చెయ్యి వేశాడు. తర్వాత ఎవరితో అన్నాడో తెలియకుండా అన్నాడు, "అమ్మకి కూడా నేనే ఎట్టీవోణ్ణి. రోజూ ఈ సేత్తోనే."

వరహాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నేను జేబులో ఉన్నాను. ఆ మనిషి గుండె కొట్టుకోవడం నాకు తగిలింది. దాన్ని కొలిచే మిషను నేను కాదు.

మోతాదు తగ్గించి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి మల్లికి గర్భసంచి తీసే ఆపరేషను కూడా అయింది. ఎదకి వచ్చినప్పుడల్లా షుగరు ఎగబాకుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అదంతా తర్వాతి మాట. ముందు పన్నెండో రోజు సంగతి చెప్పాలి.

మైల తీరాక తెర తీశారు. ఇల్లు కడిగారు. నన్ను తిరిగి సొరుగులో పెట్టారు. అయిదున్నరకి గంట మోగింది. పొంగలి వాసన వచ్చింది. దాని పక్కనే ఇంకో చల్లని వాసన, కోసిన కీరాది. వరహాలమ్మ చిన్న గిన్నెలో రెండు కీరా చక్రాలు విడిగా పెట్టిందట.

"అదేటి?" అన్నాడు ఆయన.

"అత్త వాటా. డాక్టరమ్మని అడిగేను. ఏటీ కాదంది."

"సామికి కీరా ముక్క నైవేద్యమేటే?"

"మనింట్లో ఎవులు ఏటి తినగలరో అది సామికి తెల్దేటండీ?"

ఆయన రెండు గిన్నెలూ పటం ముందు పెట్టి మళ్ళీ గంట మోగించాడు. "మార్చేను సామీ. తప్పయితే చెప్పు," అన్నాడు. స్వామి ఏమీ చెప్పలేదు. ఆయనకి కూడా నాలాగే మాట రాదేమో, లేకపోతే మనం అడిగే పద్ధతి ఆయనకి అందదేమో, నాకు తెలియదు. ఏడింటికి మల్లి చెవి దగ్గర నన్ను అడిగారు. రెండు వందల పది అన్నాను. దేవుడి జవాబని నేను అనను. అది ఆ ఘడియలో ఆ చుక్కలో ఉన్న చక్కెర.

మల్లి ఇంకో మూడేళ్ళు బతికింది. చూపు పూర్తిగా పోయింది. అయినా గంట మోగగానే గోళ్ళు టకటకమంటూ నేరుగా మందిరం ముందుకి వచ్చేవి. కీరా ముక్కని పైడమ్మ పెట్టిన పొంగలికి తగ్గకుండా భక్తిగా తినేది. ఒక వేసవి మధ్యాహ్నం వంటింటి చల్లటి నేల మీద పడుకుని ఇక లేవలేదు. గుండె అలిసిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. పెరట్లో నందివర్ధనం చెట్టు పక్కన పూడ్చారు.

ఇప్పుడు నా కాలం కూడా అయిపోయింది. నాకు పెట్టే స్ట్రిప్పులు దొరకడం మానేశాయి. తెర మీద అంకెల్లో ఒక గీత వెలగదు, ఎనిమిదిని చూసి ఆరు అనుకుంటారు. నిజం చెప్పడానికి పుట్టినవాణ్ణి ఇక అబద్ధం చెబుతానేమోనని భయం. నన్ను పారెయ్యడానికి మాత్రం వరహాలమ్మకి చెయ్యి రాలేదు. కర్పూరం డబ్బా వెనకాల అలాగే ఉన్నాను.

నా పక్కన ఇప్పుడు కొత్త మిషను ఒకటి ఉంది. నాకంటే పలచన, నాకంటే వేగం. అది అప్పలనరసయ్యది. రిటైరయిన ఏడాదే ఆయనకీ షుగరు వచ్చింది. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు భార్యకి చెబుతుంటే విన్నాను.

"ఏటి తింటావని అడిగేడు."

"ఏటన్నారు?"

"మొదట పెసాదం అన్నాను. తర్వాత మిగతావన్నీ సెప్పేను."

వరహాలమ్మ గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

పొద్దున్నే అయిదున్నరకి గంట మోగుతుంది. ఆయనకి వచ్చిన నాలుగు మాటలు చదువుతాడు. గోళ్ళ చప్పుడు కోసం నేను ఇప్పటికీ చెవి పెడతాను. ఇక రాదని తెలుసు. చిన్న గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు మాత్రం వస్తుంది. తర్వాత చాలా నెమ్మదిగా, ఒంటరిగా, ఆయన కీరా ముక్క నమిలిన చప్పుడు.